చార్జి అప్పగించకుండా వెళ్లిపోకండి: అయిదు శాశ్వత సభ్య దేశాలకు బహిరంగ లేఖ

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో శాశ్వత సభ్యత్వం ఉన్న అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలకు,

విషయం: ప్రపంచ పెత్తనం చేతులు మారుతున్నప్పుడు సామాన్యులకు జరుగుతున్న నష్టం, మా డిమాండ్లు.

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. ఎనభై ఏళ్లుగా మరో ప్రపంచ యుద్ధం రాలేదు. అందులో మీ మండలికీ కొంత వాటా ఉంది. ఆ మాట ఒప్పుకుని అసలు సంగతికి వస్తున్నాను.

ఈ మొర పెట్టుకోవడం ఇది మొదటిసారి కాదు. మండలిని కాలానికి తగ్గట్టు మార్చే సంగతి చూడమని 1993లో సర్వప్రతినిధి సభ ఒక కార్యవర్గాన్ని వేసింది. దానికి గడువు పెట్టలేదు. గడువు పెట్టని పని ఎలా సాగుతుందో అదీ అలాగే సాగింది. 2009లో ప్రభుత్వాల మధ్య సంప్రదింపులు మొదలయ్యాయి. ఒక ముసాయిదా ముందు పెట్టుకుని వాక్యం వాక్యం మీద బేరమాడుకునే దశకు కూడా అవి రాలేదు. ఏటా సెప్టెంబరులో మా నాయకులు న్యూయార్క్ వచ్చి అదే మాట చెప్తారు, మీ ప్రతినిధులు తలూపుతారు, అందరూ విమానాలెక్కుతారు.

ఇంకా వెనక్కి వెళ్తే మరీ విచిత్రం. ఐరాస చార్టర్‌ను సమీక్షించడానికి ఒక సమావేశం జరపొచ్చని 109వ అధికరణలో రాశారు. పదో వార్షిక సమావేశాల నాటికి అది జరగకపోతే ఎజెండాలో పెట్టాలని కూడా రాశారు. 1955లో పెట్టారు. "తగిన సమయంలో" జరుపుదామని తీర్మానించారు. ఆ తగిన సమయం ఇప్పటికి డెబ్బై ఏళ్లుగా రాలేదు. అప్పుడు ఐరాసలో ఉన్నవి 60 దేశాలు, ఇప్పుడు 193. మధ్యలో 1965లో ఒక్కసారి మండలి 11 నుంచి 15 సీట్లకు పెరిగింది. పెరిగిన నాలుగూ వీటో (తీర్మానాన్ని ఒక్క ఓటుతో ఆపే అధికారం) లేని తాత్కాలిక సీట్లే. అందుకే ఇక ప్రతినిధుల ద్వారా కాకుండా నేరుగా రాస్తున్నాను.

మీలో ఎవరు దిగిపోతున్నారు, ఎవరు పైకొస్తున్నారు అన్న పంచాయితీ ఈ లేఖలో లేదు. దాని మీద పందాలు కాసే విశ్లేషకులు ప్రతి టీవీలోనూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ప్రపంచంలోని ఫ్యాక్టరీల ఉత్పత్తిలో దాదాపు సగం అమెరికాది. ఇప్పుడు దాదాపు 30 శాతం చైనాది. కేంద్ర బ్యాంకులు దాచుకునే విదేశీ నిల్వల్లో డాలరు వాటా 1999లో 71 శాతం, ఇప్పుడు 60 లోపు. అయినా దాని దరిదాపుల్లో మరో కరెన్సీ లేదు. కాబట్టి పొద్దు గుంకిందనీ అనలేం, నడినెత్తిన ఉందనీ అనలేం. మా బాధ వేరే.

చిన్న గుమాస్తా బదిలీ అయినా చార్జి అప్పగించాలి. రిజిస్టర్లు, తాళాలు, క్యాష్ బ్యాలెన్స్ చూపించి, వచ్చినవాడి సంతకం తీసుకున్నాకే రిలీవ్ అవుతాడు. సామ్రాజ్యాలకు ఆ నియమం లేదు. అసలు అప్పగించనే లేదని కాదు, కొన్నిటిని చాలా శ్రద్ధగా అప్పగించారు. ఏవి అప్పగించారు, ఏవి నడిరోడ్డు మీద వదిలేశారు అన్నదే మా ఫిర్యాదు. వరసగా చెప్తాను.

1. 1947 ఫిబ్రవరి మూడో వారం గుర్తు చేస్తాను. బ్రిటన్‌లో ఘోరమైన చలి. బొగ్గు లేక ఫ్యాక్టరీలకు కరెంటు ఆపేశారు. యుద్ధం చేసిన అప్పులు నెత్తి మీద ఉన్నాయి. ఆ వారంలో నాలుగు రోజుల వ్యవధిలో మూడు బరువులు దించుకుంది. 18న పాలస్తీనా సంగతి ఐరాసకు వదిలేస్తున్నామని పార్లమెంటులో చెప్పింది. 20న, 1948 జూన్ లోపల ఇండియాను వదిలి వెళ్తామని ప్రధాని అట్లీ ప్రకటించారు. 21న, గ్రీసు, టర్కీలకు ఇస్తున్న సాయం మార్చి 31తో ఆపేస్తున్నామని వాషింగ్టన్‌కు చీటీ పంపింది.

ఈ మూడింటిలో సరిగ్గా చార్జి అప్పగించింది మూడోదాన్ని మాత్రమే. గ్రీసు సోవియట్ల వైపు పోతుందన్న భయం అటు ఇచ్చేవాడికీ ఉంది, ఇటు పుచ్చుకునేవాడికీ ఉంది. గడువు 38 రోజులే అయినా మార్చి 12 కల్లా అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్ ముందు నిలబడి 40 కోట్ల డాలర్లు అడిగారు. (అక్కడి అంతర్యుద్ధం 1949 దాకా సాగింది. అంటే అప్పగింత గ్రీకుల కోసం జరిగింది కాదు.)

ఇండియాకు ఇచ్చిన గడువును పెంచాల్సింది పోయి పది నెలలు తగ్గించారు. సరిహద్దు గీయడానికి వచ్చిన రాడ్‌క్లిఫ్ అంతకుముందు ఆ దేశం ముఖమే చూడలేదు. జులై 8న దిగారు, అయిదు వారాల్లో గీత గీసేశారు. ఆ గీత ఎక్కడుందో బయటపెట్టింది ఆగస్టు 17న. స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు గానీ తమ ఊరు ఏ దేశంలో పడిందో సరిహద్దు జిల్లాల జనానికి తెలియలేదు. కోటి మందికి పైగా ఇళ్లు వదిలి నడిచారు. చనిపోయినవాళ్లు 2 లక్షలని ఒకరంటారు, 10 లక్షలని ఇంకొకరంటారు. ఈ రెండు అంకెల మధ్య తేడాయే ఎనిమిది లక్షల ప్రాణాలు. రిజిస్టరు రాసేవాడే లేకపోతే ఇలాగే ఉంటుంది.

అదే అయిదు వారాల్లో లండన్‌లో టెన్షన్ వేరే దాని గురించి. అమెరికా ఇచ్చిన 375 కోట్ల డాలర్ల అప్పు షరతు ప్రకారం జులై 15 నుంచి పౌండును ఎవరడిగితే వాళ్లకు డాలర్లలోకి మార్చి ఇవ్వాలి. డాలర్లు నీళ్లలా పోయాయి. ఆగస్టు 20న, అంటే ఆ గీత బయటపడిన మూడో రోజున, మార్పిడి ఆపేశారు. పౌండుకు ప్రమాదం వస్తే ఆపడానికి ఒక మీట ఉంది. పంజాబులో ప్రమాదం కళ్లముందే కనిపిస్తున్నా అలాంటి మీట ఏదీ పెట్టుకోలేదు.

పాలస్తీనా మరీ అన్యాయం. 1947 నవంబరు 29న ఐరాస విభజన తీర్మానం చేసింది. దాన్ని అమలు చేయడానికి సహకరించబోమని బ్రిటన్ చెప్పింది. 1948 మే 14న అక్కడి బ్రిటిష్ హైకమిషనర్ హైఫాలో ఓడ ఎక్కారు. ఎవరికి అప్పగించారు? ఎవరికీ కాదు. ఆ కాలంలో 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు పోగొట్టుకున్నారు. వాళ్ల మనవళ్లూ మునిమనవళ్లలో చాలామంది ఇప్పటికీ శరణార్థి శిబిరాల చిరునామాతోనే బతుకుతున్నారు.

2. ఇది ఒక్క బ్రిటన్ జబ్బు కాదు. 1975 నవంబరు 10న అంగోలాలో చివరి పోర్చుగీసు హైకమిషనర్ సార్వభౌమాధికారాన్ని "అంగోలా ప్రజలకు" అప్పగిస్తున్నట్టు ప్రకటించి ఓడ ఎక్కారు. ప్రజలకు అప్పగించడం వినడానికి బాగుంటుంది. పుచ్చుకోవడానికి మాత్రం ఆ గదిలో ప్రజల తరఫున ఎవరూ లేరు. మూడు సాయుధ దళాలు రాజధాని కోసం అప్పటికే కొట్టుకుంటున్నాయి. ఆ యుద్ధం 2002 దాకా, 27 ఏళ్లు సాగింది. ఒక వైపు మాస్కో ఆయుధాలు, ఇంకో వైపు వాషింగ్టన్ ఆయుధాలు. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు అంటారే, ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజమైంది. పొలాల్లో పాతిన మందుపాతరల మీద అడుగేసి కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు.

3. సోవియట్ యూనియన్ సంగతి చూస్తే మా ఫిర్యాదు ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది.

1991 డిసెంబరు 25న సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ రాజీనామా చేశారు. ఆ రోజుకు అణ్వాయుధాలు రష్యాతో పాటు ఉక్రెయిన్, బెలారస్, కజకిస్తాన్‌లలో కూడా ఉన్నాయి. ఆ విషయం మీ ఎవరికీ నిద్ర పట్టనివ్వలేదు. వాటిని భద్రంగా చేర్చడానికి అమెరికా కాంగ్రెస్ 1991లోనే డబ్బు కేటాయించింది. 1992 మేలో లిస్బన్‌లో ఒప్పందం కుదిరింది. 1996 ముగిసేలోపు ఆ మూడు దేశాల్లోని వార్‌హెడ్లను లెక్కపెట్టి, కాపలా పెట్టి రష్యాకు చేర్చారు. చాలా మంచి పని. చార్జి ఎలా అప్పగించాలో మీకు బాగా తెలుసనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు రెండో లెక్క. 1992 జనవరి 2న రష్యాలో ధరల మీద అదుపు ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు 2,500 శాతం దాకా పెరిగాయి. ఏడాది మొదట్లో ఒక రూబులుకు వచ్చిన సరుకుకు ఏడాది చివర్లో 26 రూబుళ్లు పెట్టాలి. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి పొదుపు ఖాతాలో దాచుకున్న సొమ్ము ఎందుకూ కొరగాకుండా పోయింది. రష్యాలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం 1990లో దాదాపు 64 ఏళ్లు, 1994కు 58 కన్నా తక్కువ. యుద్ధం లేకుండా, మహమ్మారి లేకుండా నాలుగేళ్లలో ఆరేళ్ల ఆయుష్షు పోయింది. వార్‌హెడ్లకు దొరికిన కాపలా ఆ పాస్‌బుక్కులకు దొరకలేదు.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. ఉక్రెయిన్ ఆ ఆయుధాలు వదులుకున్నందుకు 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ ఒక కాగితం మీద సంతకం చేశాయి. దాని సరిహద్దులను గౌరవిస్తామన్నాయి. 2014లో ఒకసారి, 2022లో మరోసారి రష్యా ఆ కాగితాన్ని తుంగలో తొక్కింది. ఆయుధాలు తీసుకున్నప్పుడు ఇచ్చిన రసీదుకు విలువ లేదని తేలాక, రేపు ఎవరైనా ఆయుధాలు ఎందుకు వదులుకుంటారు?

4. ఫ్రాన్స్ సైన్యం 2022లో మాలీ నుంచి, 2023లో బుర్కినా ఫాసో, నైజర్ల నుంచి, 2025లో చాద్, సెనెగల్ నుంచి వెళ్లిపోయింది. వెళ్లమన్నది ఆ దేశాలే. వెళ్లడం తప్పని నేను అనడం లేదు, ఇంకా ముందే వెళ్లాల్సింది. కానీ మాలీలో ఆ ఖాళీలోకి రష్యా వాగ్నర్ కిరాయి సైనికులు వచ్చారు. 2022 మార్చిలో మాలీలోని మౌరా అనే గ్రామంలో మాలీ సైన్యం, దానికి తోడుగా ఉన్న విదేశీ సైనికులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐరాస మానవ హక్కుల కార్యాలయం తేల్చింది. 2023 చివరికి ఐరాస శాంతి దళం కూడా మూటాముల్లె సర్దుకుంది. ఇప్పుడు అలాంటిది మళ్లీ జరిగితే రాసుకునేవాళ్లు కూడా పెద్దగా లేరు.

5. డబ్బు. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన వలసల నుంచి సరుకులు, సేవలు తీసుకుని పౌండ్లలో బాకీ రాసుకుంది. యుద్ధం ముగిసేసరికి ఒక్క ఇండియాకే దాదాపు 130 కోట్ల పౌండ్లు బాకీ. ఆ బాకీ పెరుగుతున్న రోజుల్లోనే, 1943లో, బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది చనిపోయారు. అంటే అప్పిచ్చినవాడు ఆకలితో చస్తున్నాడు. యుద్ధం తర్వాత ఆ సొమ్మును స్తంభింపజేశారు. సొంతదారు బతిమాలుకుంటే వాయిదాల్లో వదిలారు. 1949 సెప్టెంబరులో పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80కి దించేశారు. దిగిపోతున్న రాజ్యం కరెన్సీని దాచుకున్నవాడికి జరిగేది ఇది.

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనిపించి డాలరుకు బంగారం ఇవ్వడం ఆపేస్తున్నామన్నారు. అంతకుముందు 35 డాలర్లకు ఒక ఔన్సు ఇస్తామన్న మాట నమ్మి డాలర్లు దాచుకున్న దేశాలను ఎవరూ అడగలేదు.

ఇక 2021. అమెరికా సైన్యం కాబూల్ వదిలింది. అఫ్గాన్ కేంద్ర బ్యాంకు సొమ్ము దాదాపు 700 కోట్ల డాలర్లు న్యూయార్క్‌లో ఉండిపోయింది, దాన్ని స్తంభింపజేశారు. తాలిబన్ల చేతికి పోకూడదన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ తాలిబన్లు ఆకలితో లేరు. జీతం పడిన టీచరు, ఖాతాలో డబ్బున్న చిన్న వ్యాపారి బ్యాంకు ముందు తెల్లవారకముందే వరసలో నిలబడ్డారు. మొదట్లో వారానికి 200 డాలర్లకు మించి ఇవ్వలేదు. 20 ఏళ్లు ఆ దేశాన్ని నడిపినవాళ్లు వెళ్లేటప్పుడు గల్లాపెట్టె తాళం జేబులో వేసుకుని వెళ్లారు.

అంతర్జాతీయ ద్రవ్య నిధిలో ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికాకు 16 శాతం పైన ఉన్నాయి. లెక్క మీరే వేసుకోండి. 2010లో ఒప్పుకున్న చిన్న మార్పు అమెరికా కాంగ్రెస్ దాటడానికి 2015 డిసెంబరు పట్టింది. 2023 డిసెంబరులో అందరి వాటా సొమ్మూ సమానంగా 50 శాతం పెంచాలని తీర్మానించారు. సమానంగా పెంచితే ఎవరి ఓటు బలమూ మారదు. అంటే పెద్ద సంస్కరణ పేరుతో జరిగింది, ఏమీ మారకుండా చూడటం. ఆ నిధికి ఎప్పుడూ యూరప్ మనిషే అధిపతి, ప్రపంచ బ్యాంకుకు ఎప్పుడూ అమెరికన్ పౌరుడే. ఎనభై ఏళ్లుగా మిగతా భూమండలంలో ఆ అర్హత ఉన్నవాడు ఒక్కడూ పుట్టలేదన్నమాట.

6. పైకొస్తున్నవాళ్లు కూడా తక్కువ తినలేదు. జాంబియా 2020 నవంబరులో అప్పు కట్టలేనని చేతులెత్తేసింది. అదే నెలలో జీ20 దేశాలు ఇలాంటి దేశాల కోసం ఉమ్మడి పద్ధతి ఒకటి ప్రకటించాయి. జాంబియా దాన్ని నమ్మి దరఖాస్తు పెట్టుకుంది. పాత అప్పులవాళ్లు ఒక వైపు, చైనా ఒక వైపు, బాండ్లు కొన్న ప్రైవేటు ఫండ్లు ఇంకో వైపు. "ముందు నువ్వు తగ్గించు" అంటే "ముందు నువ్వు" అనుకుంటూ కాలం గడిపారు. ప్రభుత్వాల అప్పు మీద ఒప్పందం కుదిరింది 2023 జూన్‌లో. బాండ్ల సంగతి తేలింది 2024 జూన్‌లో. మధ్యలో ఫిబ్రవరిలో తీవ్ర కరువుతో జాతీయ విపత్తు ప్రకటించాల్సి వచ్చింది. అప్పుడూ బేరం సాగుతూనే ఉంది. చైనా అప్పు పత్రాల్లో చాలావాటికి గోప్యత షరతులుంటాయి. తమ పేరు మీద ఎంత అప్పుందో, దేన్ని తాకట్టు పెట్టారో కట్టాల్సిన జనానికే తెలియదు. ఒకప్పుడు చైనాయే ఈ బాధ పడింది. బాక్సర్ తిరుగుబాటు తర్వాత 1901లో విదేశాలు దాని మీద 45 కోట్ల టేల్‌ల (పాత చైనా తూకపు కొలత) వెండి జరిమానా వేశాయి. పడ్డవాళ్లకు తెలియాలి కదా.

7. సాయం ఆపడం. అమెరికా విదేశీ సాయం సంస్థ 1961 నుంచి ఉంది. 2025 జనవరిలో రాత్రికి రాత్రి పనులు ఆపమన్నారు, మార్చికి 83 శాతం కార్యక్రమాలు రద్దన్నారు, జులై 1కి సంస్థే లేదు. బ్రిటన్ కూడా సైన్యం ఖర్చు కోసం సాయాన్ని జాతీయాదాయంలో 0.5 నుంచి 0.3 శాతానికి తగ్గిస్తామంది. మీ డబ్బు మీ ఇష్టం. కానీ హెచ్ఐవీ మందు వేసుకుంటున్నవాడు మధ్యలో ఆపితే ఒంట్లో వైరస్ మళ్లీ పెరుగుతుంది. 1947లో దివాలా అంచున ఉన్న బ్రిటన్ కూడా గ్రీసుకు 38 రోజులు ఇచ్చింది.

8. వీటో. 2022 ఫిబ్రవరి 25న, ఉక్రెయిన్ మీద దాడిని తప్పుపట్టే తీర్మానాన్ని రష్యా వీటో చేసింది. ఆ నెల మండలి అధ్యక్ష స్థానంలో ఉన్నది కూడా రష్యాయే. మార్చిలో ప్రపంచ ఆహార ధరల సూచీ రికార్డు స్థాయికి చేరింది. అప్పట్లో సోమాలియాకు వచ్చే గోధుమల్లో 90 శాతం పైన ఉక్రెయిన్, రష్యాలవే. నల్లసముద్రం ధాన్యం ఒప్పందం వల్ల ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నులు బయటికొచ్చాయి. 2023 జులై 17న రష్యా అందులోంచి తప్పుకుంది. అదే నెలలో సిరియాకు సరిహద్దు దాటి వెళ్లే సాయం పొడిగింపునూ వీటో చేసింది. గాజాలో కాల్పులు ఆపమన్న తీర్మానాలను అమెరికా పదేపదే వీటో చేసింది. ఆ ప్రతి ఓటుకూ తర్వాతి వారం చనిపోయినవాళ్ల పేర్లున్నాయి.

బ్రిటన్, ఫ్రాన్స్‌ల సంగతి వేరు. 1989 డిసెంబరులో పనామా విషయంలో తప్ప, ఆ తర్వాత ఇప్పటిదాకా మీరిద్దరూ వీటో వాడలేదు. ముప్పై అయిదేళ్లకు పైగా బీరువాలో పడి ఉన్న వస్తువును పట్టుకుని ఎందుకు కూర్చున్నారో మాకు నిజంగా అర్థం కాదు.

మీ జవాబు కూడా ఊహించగలను. మీలో ఒక్కరూ తమను సామ్రాజ్యం అనుకోరు. అమెరికాది స్వేచ్ఛా ప్రపంచ నాయకత్వం, రష్యాది భద్రత, చైనాది ఉభయతారక సహకారం, మిగతా ఇద్దరిదీ పాత కథ. పేరు ఏదైనా పెట్టుకోండి. పదుల దేశాల్లో సైనిక స్థావరాలున్నా, పదుల దేశాలకు అప్పులిచ్చినా, మీ పార్లమెంటులో పడిన ఓటుకు ఇంకో ఖండంలో ఆస్పత్రి మూతపడుతున్నా, అది చార్జి కిందే లెక్క. "మేం వెళ్తే అరాచకమే" అని ఇంకో మాట అంటారు. పైన చెప్పిన వాటిలో అరాచకం వచ్చింది వెళ్లినందుకు కాదు, వెళ్లిన తీరుకు. 1989లో తూర్పు యూరప్ దేశాల్లో ప్రభుత్వాలు కూలుతుంటే సోవియట్ సైన్యం బారకాసుల్లోనే ఉండిపోయింది. తర్వాత ఒప్పందం ప్రకారం జర్మనీ నుంచి చివరి దళం 1994 ఆగస్టు 31న వెళ్లింది. పేచీ రాలేదు. అలా కూడా వెళ్లొచ్చు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. వివాదంలో తానే ఒక పక్షమైన దేశం ఓటు వేయకూడదని చార్టర్ 27వ అధికరణలో, శాంతియుత పరిష్కారాల నిర్ణయాలకు సంబంధించి ఇప్పటికే ఉంది. దాన్ని పాటించండి. బలప్రయోగం నిర్ణయాలకూ వర్తింపజేయండి.

2. సామూహిక హత్యాకాండ జరుగుతున్నప్పుడు వీటో వాడకూడదని ఫ్రాన్స్, మెక్సికో 2015లో ప్రతిపాదించాయి. అలాంటి తీర్మానాలకు అడ్డుపడబోమన్న ప్రవర్తనా నియమావళి మీద బ్రిటన్, ఫ్రాన్స్ సహా 120కి పైగా దేశాలు సంతకం చేశాయి. మీలో మిగిలింది అమెరికా, రష్యా, చైనా. చేయండి.

3. 54 దేశాలున్న ఆఫ్రికాకు ఒక్క శాశ్వత స్థానం లేదు, లాటిన్ అమెరికాకు లేదు. విస్తరణ మీద ముసాయిదా ముందు పెట్టుకుని చర్చించండి. ఈసారి గడువుతో.

4. ద్రవ్య నిధిలో 85 శాతం నిబంధనను ఏ ఒక్క దేశమూ అడ్డుకోలేని స్థాయికి దించండి. ద్రవ్య నిధి, ప్రపంచ బ్యాంకు అధిపతి పదవులకు పౌరసత్వంతో సంబంధం లేకుండా పోటీ పెట్టండి.

5. ప్రభుత్వాలకు ఇచ్చే ప్రతి అప్పు పత్రమూ బహిరంగం కావాలి. అప్పు కట్టలేనన్న దేశం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఏడాదిలో తేల్చండి. తేలేదాకా వాయిదాలు, వడ్డీ ఆపండి. ఇది చైనాకు ఎంతో, లండన్, న్యూయార్క్ బాండ్ల మార్కెట్లకూ అంతే.

6. ఐరాస ఆంక్షల్లో మానవతా సాయానికి మినహాయింపు ఇస్తూ 2022 డిసెంబరులో 2664వ తీర్మానం చేశారు. మీరు సొంతంగా విధించే ఆంక్షలకూ, స్తంభింపజేసే నిల్వలకూ అదే మినహాయింపు వర్తింపజేయండి. జీతాలు, మందులు, తిండి వాటిలో మొదట రావాలి.

7. సైన్యం గానీ, సాయం గానీ ఒక దేశం నుంచి ఉపసంహరిస్తే కనీసం ఏడాది ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వండి. దానికి ఒక జాబితా జత చేయండి. ఎన్ని ఆస్పత్రులు, ఎందరు రోగులు, ఎన్ని జీతాలు, ఎన్ని మందుపాతరలు, ఎవరు తీసుకుంటున్నారు, ఎప్పుడు తీసుకుంటున్నారు. తీసుకునేవాళ్లు లేని చోట ఐరాస తీసుకోవాలి, ఖర్చు వెళ్లేవాళ్లది.

8. అమెరికా, రష్యా అణ్వాయుధాలకు పరిమితి పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5. ఆ స్థానంలో చైనాను కూడా కలుపుకుని కొత్త ఒప్పందం చేసుకోండి. ఈ ఒక్క విషయంలో అప్పగింత ఎలాగో మీకు నేర్పక్కర్లేదు.

9. 109వ అధికరణ సమావేశానికి తేదీ ప్రకటించండి. వచ్చే సెప్టెంబరు సమావేశాల్లో, రోజు, నెల, సంవత్సరం.

చివరి డిమాండ్ మీద ఒక వివరం. ఆ సమావేశం పెట్టడానికి సర్వప్రతినిధి సభలో మూడింట రెండు వంతుల ఓట్లు, మండలిలో ఏవైనా తొమ్మిది ఓట్లు చాలు. అక్కడ వీటో చెల్లదు. చార్టర్ సవరణలు అమలు కావాలంటే మీ అయిదుగురి ఆమోదం తప్పదు, అది మాకూ తెలుసు. కానీ పిలవడానికి అక్కర్లేదు. అందుకే ఈ లేఖ ప్రతిని మీతో పాటు మరో పది చిరునామాలకు కూడా పంపుతున్నాను.

ఇట్లు,
శాశ్వత సభ్యత్వం లేని 188 దేశాల్లో ఒకదాని పౌరుడు

ప్రతులు: భద్రతా మండలిలోని పది తాత్కాలిక సభ్య దేశాలకు, తగు చర్య నిమిత్తం.